తదియనాటి పాటు: ఎదురుమొండి దిబ్బ మీద పదకొండు నిమిషాలు

మా తిరువూరు పఠన మందిరంలో ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు గల గోడ ఒకటి రెండు నెలలుగా ఖాళీగా ఉంది. దానికి సముద్రం బొమ్మ నేనే తీసి ఇస్తానని సభ్యులందరి ముందు మాట ఇచ్చాను. వృత్తి రీత్యా సర్వేయరును. ఫొటోలు తీయడం నా సరదా. ఇప్పటికే రెండుసార్లు కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చాను. "సోమవారం నాటికి మీ సముద్రం రాకపోతే బజార్లో దొరికే జలపాతం అంటించేస్తామండి" అని కార్యదర్శి నవ్వుతూనే గడువు పెట్టారు. ఆయన ఆ జలపాతాన్ని అప్పటికే ఎంచి పెట్టుకున్నారని తరువాత తెలిసింది.

నాకు కావలసిన దృశ్యం ఇది. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఇసుక మీద పలుచని నీటి పొర మిగులుతుంది. అది అద్దంలా పనిచేస్తుంది. వలలు కట్టడానికి పాతిన పాత గుంజలు, వాటి వెనుక ఉదయించే సూర్యుడు, రెండూ ఆ అద్దంలో పడాలి. అంటే నీరు పూర్తిగా తగ్గే వేళ, సూర్యోదయం ఒకటి కావాలి. పక్షానికి ఒకటి రెండు రోజులు మాత్రమే అలా కుదురుతుంది.

అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం 5.30కి తిరువూరులో బస్సెక్కాను. గత రెండుసార్లలాగే తోడుగా మిత్రుడు శేషగిరి వచ్చాడు. అతడు హైస్కూల్లో తెలుగు చెబుతాడు. పౌరోహిత్యం చేసే కుటుంబం కనుక పంచాంగం నోటికి వచ్చు. ఎ.కొండూరు దాటేవరకు నా ఒళ్లోని కర్రనే చూస్తూ కూర్చున్నాడు. అంగుళాల గీతలు వేసిన ఆరడుగుల వెదురు అది.

"ఏవయ్యా, సముద్రానికి కూడా హద్దులు వేయడానికి బయల్దేరావా?"

"హద్దులు కాదు. ఎత్తు."

"ఎవరి ఎత్తు? ఈసారి కూడా ఫొటో రాకపోతే నిన్ను కొలుస్తారు ఊళ్లో."

7.55కి విజయవాడ. ఇడ్లీ తిని 8.40కి అవనిగడ్డ బస్సు పట్టుకున్నాం. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటాక పులిగడ్డ అక్విడెక్టు వస్తుంది. నది మీదుగా కాలువను నడిపించిన కట్టడం అది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నవారు తల తిప్పి చూడవలసినది. అక్కడితో దివిసీమ మొదలు. 11.10కి అవనిగడ్డలో దిగి, షేర్ ఆటోలో నాగాయలంక చేరి, భోజనం చేసి, ఏటిమొగ రేవుకు వచ్చాం. మనుషులనూ మోటారు సైకిళ్లనూ ఏటికి అడ్డంగా చేరవేసే పంటు ఒంటిగంటకు కదిలింది. అవతలి ఒడ్డే ఎదురుమొండి దీవి.

మాకు బస ఇచ్చిన వారు నాంచారయ్య, ఆయన భార్య వీరమ్మ. శేషగిరితో పనిచేసే ఉపాధ్యాయుడొకరు కుదిర్చిన పరిచయం. నాంచారయ్య చేపల వేటకు వెళ్తాడు. సొంత పడవ ఉంది. సముద్రపు వైపున్న ఇసుక దిబ్బకు చేరాలంటే ఇంటి వెనుక పాయను ఆయన పడవలోనే దాటాలి. గత రెండుసార్లూ రేవులో దొరికిన పడవెక్కి వెళ్లి వచ్చామే గాని ఇక్కడ ఎవరినీ ఏమీ అడగలేదు. ఈసారి అడిగాను.

"పంచమినాడు తెల్లవారు జామున వచ్చాం. రెండుసార్లూ మోకాటి లోతు నీళ్లు. ఇసుక తేలేసరికి బారెడు పొద్దెక్కింది. ఎందువల్ల?"

"పంచమికి ఎవరు రమ్మన్నారండీ మిమ్మల్ని?"

ఓడరేవు వారి పోటుపాట్ల పట్టికను ఫోనులో చూపించాను. ఆయన ఫోను వైపు చూడను కూడా లేదు.

"ఇది పట్నం పోటండీ. ఆ పోటూ పాటూ మా పాయలోకి రావాలంటే అన్నం, కూర అయ్యేంత సేపు పడుద్ది."

"అంటే ఎన్ని నిమిషాలు?"

"ఏం కూరండీ?" అంది వీరమ్మ లోపలి నుంచి. శేషగిరి నవ్వి నవ్వి దగ్గాడు.

సిగ్గుపడవలసిన వాడిని నేను. సాగర్ కాలువలో నీరు వదిలిన రోజుకూ, అది గంపలగూడెం చివరి పొలాలకు చేరే రోజుకూ ఎంత తేడా ఉంటుందో ఇరవై ఏళ్లుగా రైతులకు చెబుతున్నవాడిని. ఓడరేవులో ఏ నిమిషానికి నీరు తగ్గితే పాయలో కూడా ఆ నిమిషానికే తగ్గుతుందని లెక్క వేసుకున్నాను. మెట్ట ప్రాంతం వాడు కాలువను అర్థం చేసుకుని సముద్రం దగ్గర మరచిపోయిన తప్పు ఇది.

2.30కి పాయ రేవులో కర్ర పాతాను. పది నిమిషాలకొకసారి నీటి మట్టం రాసుకున్నాను. పాటు సాగే కొద్దీ నీరు అంగుళం, రెండంగుళాల చొప్పున దిగింది. ఆ రోజు బహుళ విదియ. పట్టిక ప్రకారం కనిష్ఠ మట్టం సాయంత్రం 4.45కి రావాలి. పాయలో వచ్చింది 5.35కి. తేడా యాభై నిమిషాలు. మర్నాటి తెల్లవారు జాము పట్టిక సమయం 5.05కు ఈ యాభై కలిపితే 5.55. సూర్యోదయం 5.58.

"మేష్టారూ, మనకు కావలసింది పంచమి కాదు, తదియ. అంటే రేపే" అన్నాను.

నాంచారయ్య వేళ్ల మీద లెక్క పెట్టుకుని తల ఊపాడు. "తదియే మరి. కర్ర కూడా అదే చెప్పిందా? అయితే మంచి కర్రేనండి. కానీ ఒక్క మాట. నీళ్లు తీసేశాక పాయలో బురదే. పడవ కదల్దు. నేను దింపేసి వెనక్కొచ్చేస్తా. పోటు ఎక్కాక తొమ్మిదింటికొస్తా. అప్పటిదాకా దిబ్బ మీద మీరిద్దరే. దాని పైనే ఉండండి, కిందికి దిగి వెళ్లొద్దు."

ఆదివారం రాత్రికి బొమ్మ అచ్చుకు వెళ్లాలి. మరొక ఉదయం ఆగే వీలు లేదు.

శనివారం తెల్లవారు జామున 4.45కి ఆయన మమ్మల్ని దిబ్బ మీద దింపి తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయాడు. పడమట చంద్రుడు. టార్చి అవసరం లేదు. స్టాండును అడుగెత్తు మాత్రమే ఉంచి, కెమెరా బిగించి, మోకాళ్ల మీద కూర్చున్నాను. నీటి పొరలో ప్రతిబింబం నిండుగా పడాలంటే కన్ను నేలకు దగ్గరగా ఉండాలి.

5.30కి గుంజల చుట్టూ ఇంకా జానెడు నీరుంది.

"నీ కర్ర అబద్ధం చెప్పిందయ్యా."

"ఇంకా పాతిక నిమిషాలు."

"జలపాతం కూడా అంత పాడుగా ఉండదులే."

5.45కి మొదటి గుంజ పాదం కనిపించింది. తరువాత రెండోది, మూడోది. నీరు వెనక్కి పోతున్న చప్పుడు కూడా లేదు. 5.54కి పదిహేడు గుంజలూ తేలాయి. వాటి కింద తలకిందులుగా మరో పదిహేడు. అయితే తూర్పున గీత గీసినట్టు మబ్బు పట్టి ఉంది. 5.58 అయింది. 6.00 అయింది. సూర్యుడు లేడు. ఇసుక మీది నీటి పొర ఇంకిపోతోంది.

6.03కి మబ్బు పైఅంచు ఎర్రబడింది. మరు నిమిషంలో సూర్యుడు దాని మీదికి వచ్చాడు. ఇసుకంతా ఒక్కసారిగా రాగి రేకులా మెరిసింది. ఆకాశంలో ఒక సూర్యుడు, గుంజల నడుమ మరొకడు. పదకొండు నిమిషాలలో నలభై మూడు ఫొటోలు తీశాను. ఒక్కొక్కదానికీ కెమెరా కదలకుండా తీగ చివరి మీట నొక్కి, ఊపిరి బిగబట్టి. 6.15కి ఇసుక మెరుపు పోయి మామూలు ఇసుక అయింది.

తెరమీద పెద్దది చేసి అంచులు చూశాను. గుంజల గరుకు వరకూ స్పష్టంగా ఉంది. కేక పెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. శేషగిరి పంచె ఎగగట్టి తడి ఇసుకలో పరుగెత్తాడు. యాభై రెండేళ్ల తెలుగు మేష్టారు అలా పరుగెత్తడం నేను మళ్లీ చూస్తానో లేదో.

వెంబడి రాదలచిన వారికి కొన్ని మాటలు. బహుళ తదియ గాని శుద్ధ తదియ గాని ఎంచుకోండి. సూర్యోదయ సమయం నెలనెలా మారుతుంది కనుక ముందురోజు మధ్యాహ్నమే వచ్చి మట్టం మీరే కొలవండి. పాటు వేళ మడ చెట్ల వేళ్లు పాయ ఒడ్డున బయటపడతాయి. ఏడు గంటల ఏటవాలు వెలుగులో అవి బాగుంటాయి. సాయంకాలమైతే ఏటిమొగ రేవులో నిలబడి, తిరిగి వచ్చే పంటును సూర్యుడికి ఎదురుగా తీయండి. మంచినీళ్లు వెంట తెచ్చుకోండి. దిబ్బ మీద నీడ లేదు.

తొమ్మిదింటికి నాంచారయ్య వచ్చాడు. పదకొండు గంటల పంటులో వీరమ్మ కూడా మాతోనే ఎక్కింది, నాగాయలంకలో చేపలు అమ్మడానికి. గంప దించుకుని, కెమెరా తెర వైపు వంగి చూసింది.

"ఏ ఊరి సముద్రమండీ ఇది?"

"మీదే."

"ఊరుకోండి. పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదా?" అంది. చుట్టూ మరో నలుగురు మూగారు. నేను మెల్లగా ఎడమ నుంచి కుడికి జరుపుతూ చూపించాను. పన్నెండో గుంజ దగ్గర ఆమె వేలు ఆగింది. అది మిగతావాటిలా నిటారుగా లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది.

"ఇది మా ఆయన పాతిందే! వంకరగా పాతావని ఆ రోజే చెప్పా, వినలేదు." పంటంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, కెమెరాను రెండు చేతులతో అందుకుని, ఏరు దాటినంత సేపూ అలాగే చూసింది. ఒడ్డు తగిలాక తిరిగి ఇస్తూ, "ఆ పొద్దప్పుడు మేం పొయ్యి దగ్గర ఉంటామండీ" అంది.

ఎనిమిది అడుగుల గోడకు ఈ బొమ్మ తగినదని చెప్పడానికి ఆమె మాటకంటె మంచి కొలత నాకు దొరకదు. ఆదివారం అచ్చుకు పంపేటప్పుడు రెండు ప్రతులు వేయమని రాశాను, రెండోది వీరమ్మ ఇంటికి.