గంజి పెట్టిన కవచం

ఆ రోజుల్లో నా ధైర్యమంతా పుస్తకాల్లోనే ఉండేది (చాప మీద బోర్లా పడుకుని ఎన్ని కొండలెక్కానో!). నిజంగా గుట్ట ఎక్కే అవకాశం డిగ్రీ రెండో ఏడాదిలో వచ్చింది. మా మేడం ఆడపిల్లలందరినీ నెలకో నడకకు తీసుకుపోతానన్నారు. మొదటిది ఉట్నూర్ అవతల అడవిలోకి. బాపు మరమగ్గం ఆపి మరీ ఆలోచించి, "పో బిడ్డా. గని ఒక్క దోమ కుట్టినా గిదే ఆఖరు" అన్నాడు.

నూలుకు గంజి పెట్టి పెట్టి మా అవ్వకు గంజి మీద దేవుడి మీదున్నంత నమ్మకం. "చిక్కగ పెడితే దోమ ముక్కు దిగుతదా?" అంటూ నా కాటన్ డ్రెస్సును అట్టలా చేసింది. ఎవరి కంటా పడకుండా వెనకాల నడుద్దామనుకుంటే, అడుగడుగునా బట్టలు పటపటమంటున్నాయి. "ఎవలే గా అప్పడం?" అంది రేడియో (నా పక్క బెంచీ పిల్ల, నోరు మూయదు కాబట్టి ఆ పేరు).

కానీ దోమలు నిజంగానే ఓడిపోయాయి. రేడియో చేతులు గోక్కుంటుంటే నేను మహారాణిలా నడిచాను. అంతలో వాన! గంజి నాని, జిగటై, నేను నడిచే అన్నం కుండనయ్యాను. తల దాచుకున్న చెట్టు నిండా ఎర్రచీమలు. వాటికి నా వాసన నచ్చిందో, నేను ఆనుకోవడం నచ్చలేదో గానీ, మెడ నుంచి మొదలుపెట్టాయి. క్లాసులో హాజరు చెబితే మేడంకు వినపడని నా గొంతు ఆ రోజు గుట్టంతా వినపడింది. "నీళ్లల్ల దూకే!" అని రేడియో నన్ను మోకాలి లోతు వాగులోకి తోసి, తనూ జారిపడింది. అది చూసి మిగతావాళ్లంతా ఊరికే దూకేశారు. అంత నవ్వు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఒక కన్ను మూసుకుపోయి, చెవి బూరెలా ఉబ్బి ఇల్లు చేరాను. ఇక నడకలు లేనట్టే అనుకున్నాను.

"దోమలా?" అన్నాడు బాపు.

"దోమ ఒక్కటి కుట్టలే బాపూ. చీమలు."

బాపు మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "నేను చీమల మాట అనలే గద."

"గంజి జర పల్చగైంది," అంది అవ్వ దిగులుగా. "మళ్ల నెలకు చిక్కగ పెడ్త."

ఇప్పుడు నా సంచిలో దోమల మందు ట్యూబు ఉంటుంది. బట్టలు చప్పుడు చేయవు. చెట్లను చూసి మరీ ఆనుకుంటాను. అయినా వాన పడ్డ అడవిలో నడుస్తున్నప్పుడు ఆ అప్పడం పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత గట్టిగా నేను మళ్లీ ఎప్పుడూ అరవలేదు. అప్పుడప్పుడు అరవాలనిపిస్తుంది.