విమల రాసిన అర్థాలు

మా మనవరాలు పెన్సిలు చెక్కుతుంటే, ఆ చెక్కపొట్టు వాసనకు నాకు ఇప్పటికీ వెన్నులో సన్నగా చలి పుడుతుంది. ఎనభైల మొదట్లో వరంగల్‌లో నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు, మా వాడకట్టులో ఉండే సరోజనత్త తన కూతురు విమల ఇంగ్లీషు పుస్తకాన్ని నాకు ఊరికే ఇచ్చింది. విమల అంతకు ముందేడు అదే పుస్తకం చదువుతూ, సగంలో, కామెర్లతో పోయింది. అత్తకు చదువు రాదు. రోజూ సాయంత్రం వచ్చి విమల రాసుకున్న అర్థాలు చదివి వినిపించాలన్నదే ఆమె షరతు.

గంజి వాసనా, రంగునూలు తడి వాసనా కలిసిన వాళ్ల జంపఖానాల మగ్గం ఇంట్లో, అత్త రాట్నం మీద కండెలు చుడుతుంటే నేను గడప దగ్గర కూర్చుని చదివేదాన్ని. కఠినమైన ప్రతి మాట మీదా విమల పెన్సిలుతో తన తరహాలో అర్థం రాసుకుంది. 'రిలక్టెంట్' అంటే ఎవరిదో పెండ్లికి పోదామని అమ్మ అంటే నేను లేచినట్టు. 'ఫ్రజైల్' అంటే మేనత్త పెట్టిన గాజులు. "ఇయ్యాల మా పిల్ల ఏమన్నది బిడ్డా?" అని అడిగేది అత్త, పిల్ల ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చినట్టు. బతుకమ్మ పండుగకు నువ్వుల సత్తు ముద్దలు రెండు తెచ్చి, ఒకటి నా చేతిలో, ఒకటి పుస్తకం పక్కన పెట్టింది. నాకు తినబుద్ధి కాలేదు, అయినా తిన్నాను.

ఆరో పాఠంతో పెన్సిలు రాత ఆగిపోయింది. ఆ సంగతి చెబితే అత్తకు కూతురు రెండోసారి పోయినట్టే కదా. అందుకని డిక్షనరీ చూసి మిగతా పాఠాలకు నేనే రాయసాగాను. చదవడం రాకపోయినా అత్తకు కూతురి రాత పోలిక తెలుసు కనుక, అచ్చం విమల లాగే గుండ్రంగా, తలకట్లు పొడుగ్గా రాసేదాన్ని. మొదట్లో వేళ్లు నొప్పిపుట్టేవి. చలి ముదిరేసరికి డిక్షనరీ తెరవకుండానే అర్థాలు వచ్చేవి, నాకు భయం మొదలైంది అప్పుడే.

ఒకనాడు 'టెరర్' దగ్గరికొచ్చి, నేను బాయిలో పడ్డనాడు అమ్మ ముఖం, అని చదివాను. రాట్నం ఆగింది.

"గది నీకెవ్వలు చెప్పిండ్రు?" అంది అత్త. "బాయిల వడ్డది నాకు, దానికే ఎరుక. వాళ్ల నాయినకు గూడ చెప్పలే."

రాసింది నా చెయ్యే. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. అంతా ఒప్పేసుకుందామని నోరు తెరిచేలోపే అత్త మళ్లీ రాట్నం తిప్పసాగింది.

"రెండో ఏడు పుస్తకం గూడ తీస్కరా బిడ్డా," అంది నెమ్మదిగా. "రాస్తది."

తీసుకెళ్లాను. ఆ ఏడంతా రాశాను. అత్త పోయి చాలా కాలమైంది, మగ్గాలాడిన చోట మేడలు లేచాయి. మొన్న పెట్టె సర్దుతుంటే నా పదో తరగతి నోటుపుస్తకం ఒకటి, విమల పుస్తకం నా చేతికి రాకముందుది, బయటపడింది. అట్ట మీద పేరు నాదే. లోపలి రాత ఎవరిదో నేను పోల్చుకోలేకపోయాను.