రవిక వీపున నీహారిక

తమ్ముడి పెళ్ళికి నేను కుట్టించుకున్న రవిక గురించి మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ. అందులో సగం కల్పితం, అందుకని అసలు జరిగింది నేనే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న ఉద్యోగం వల్ల అల్వాల్ వచ్చి ఇక్కడే పాతుకుపోయాం. నేను బడిలో ఫిజిక్స్ చెబుతాను. విడాకులు తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. దాని గురించి నాకు బాధేమీ లేదు. బాధ ఉండి తీరాలని పట్టుబట్టే వాళ్ళతోనే నా పేచీ.

పెళ్ళి ఇంకో నెల ఉందనగా పెద్దమ్మ వచ్చింది. అమ్మకి సొంత అక్క. కాఫీ తాగుతూ, నేను అక్కడ లేనట్టే అమ్మతో అంది: "గుమ్మం దగ్గర పేర్లు అడగడానికి మా అమ్మాయిని నిలబెడదామే. దానికీ వాడు తమ్ముడే కదా."

కొత్త కోడలు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. దంపతులిద్దరూ ఒకరి పేరొకరు చెప్పాలి. ఆ తర్వాత ఆడపడుచు, "మీకు పిల్ల పుడితే మా అబ్బాయికిస్తారా?" అని మాట తీసుకుంటుంది. అప్పుడు గానీ దారి వదలదు. అదంతా నవ్వులాటే. కానీ ఆ కాసేపూ గుమ్మం ఆ ఇంటి ఆడపిల్లది.

"నేనుండగా దాన్నెందుకు?" అన్నాను.

"నువ్వేటని అడుగుతావే? పిల్లనిమ్మనడానికి నీకు కొడుకేడీ? కొత్త పిల్లకి మొదటే ఎదురుగా..." అని పెద్దమ్మ ఆగిపోయింది. మిగతాది చెప్పకపోయినా నాకు వినబడింది. అమ్మ ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి తప్పుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "గుమ్మంలో నేనే నిలబడతాను పెద్దమ్మా," అన్నాను. ఆ మంటలోనే రవిక సంగతి కూడా పుట్టింది. ఈ రోజుల్లో పెళ్ళి రవికల వీపు మీద పల్లకీలు, ఏనుగులు, ఏకంగా దంపతుల మొహాలే వేయించుకుంటున్నారు. నాకు పల్లకీతో పని లేదు. నాకు నచ్చింది నేను వేయించుకుంటే ఎవరికేం పోయింది?

నాకు నచ్చింది ఒక నీహారిక, అంటే అంతరిక్షంలో ఒక వాయువుల మబ్బు. అది మన పాలపుంతలోది కాదు, పక్కనున్న వేరే గెలాక్సీలోది. దానికి పేరైనా పెట్టలేదు, ఒక నంబరు తగిలించి ఊరుకున్నారు. లక్షల కాంతి సంవత్సరాల అవతల, హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. దాని నడుమ చాలా బరువైన, విపరీతమైన వేడి గల నక్షత్రాలు గుంపుగా పుట్టాయి. పుట్టి బుద్ధిగా కూర్చోలేదు. తమను కన్న మబ్బునే గాలితో, వెలుతురుతో అవతలికి నెట్టి పెద్ద పెద్ద గుహలు తొలిచేశాయి. ఫొటోలో ఆ గుహలు నల్లటి గుంటల్లా కనిపిస్తాయి. వాటి అంచులు వెలిగేది కూడా ఆ నక్షత్రాల వల్లే. క్లాసులో ఈ ఫొటో చూపిస్తే ఎవరో ఒకరు, "మధ్యలో ఏమీ లేదా మేడమ్?" అంటారు. ఇదంతా చేసింది అక్కడున్నవాళ్ళేరా అని చెబుతాను.

బన్సీలాల్‌పేటలో మగ్గం వర్క్ చేయించే ఒకావిడకి ఆ ఫొటో ఇచ్చాను. పెళ్ళికి నలుపు వద్దని అమ్మ బతిమాలితే నేరేడుపండు రంగు పట్టుకి దిగాను. అంచులన్నీ ఎర్రటి జరీ, మధ్యలో గుంటలు వట్టి బట్టగానే వదిలేసి, అక్కడక్కడ తెల్లపూసలు. "మధ్యల ఏం వద్దా అక్కా?" అని ఆవిడ అడిగింది. వద్దని గట్టిగానే చెప్పాను.

పెళ్ళి దగ్గర పడ్డాక తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఎరుపు అద్భుతంగా వచ్చింది. కానీ నడిమి గుంటలో, పూసలు ఉండాల్సిన చోట, ముక్కూ ముక్కూ ఆనించుకుని రెండు హంసలు.

"గిట్ల ఖాళీ ఇడిస్తే పని సగమే చేసిండ్రంటరు అక్కా," అంది ఆవిడ సంబరంగా. "పెండ్లిది గదా, జెర నిండుగ ఉండాలెనని చేయించిన. హంసలు నా తరఫున."

మంచి మనసుతో చేసింది, తిట్టడానికి నోరు రాలేదు. నాకు దాపురించేదెప్పుడూ ఈ మంచి మనసులే. నాలో ఎక్కడ ఖాళీ కనిపించినా ఒక జంటని కుట్టేసి పోదామని చూస్తారు.

ఇంటికొచ్చి, మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని చిన్న కత్తెరతో హంసని విప్పడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి చూసింది.

"ముచ్చటగా ఉన్నాయి కదే. ఉండనియ్యరాదూ?"

"ఎవరి ముచ్చటమ్మా అది?"

అమ్మ లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, రెండో హంసని తోక దగ్గర నుంచి విప్పసాగింది. వంటింట్లోకి తప్పుకున్న రోజు నుంచీ అమ్మ మీద ఉన్న కోపం నాకు అప్పుడు పోయింది. పట్టు మీద సూది గుర్తులు మిగిలిపోయాయి. వాటి మధ్యనే తెల్లపూసలు కుట్టుకున్నాను.

పెళ్ళయిన మర్నాడు పొద్దున తమ్ముడూ మరదలూ వచ్చారు. నేను ఆ రవిక తొడుక్కుని గుమ్మంలో రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాను. ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని పెద్దమ్మ సరిగ్గా నా వెనకే ఉంది. నేను తప్పుకునేదాకా ఆవిడకి నా వీపు చూడక తప్పదు.

"ఈ చిల్లులేటే? పని పూర్తవలేదా?" అంది మెల్లగా.

"పూర్తయింది పెద్దమ్మా."

దంపతులు పేర్లు చెప్పారు. అందరూ నవ్వారు. తర్వాత అడగవలసిందేమిటో అందరికీ తెలుసు కాబట్టి నవ్వు ఆగిపోయింది. తమ్ముడు తల దించుకున్నాడు.

"మీకు పిల్ల పుడితే," అన్నాను, "దాన్ని ఎవరికైనా ఇస్తామని ఏ గుమ్మంలోనూ మాటివ్వకండి. నాకు ఆ మాట ఇవ్వండి చాలు."

తమ్ముడు ఇంకా నేల చూస్తూనే ఉన్నాడు. నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన ఆ పిల్ల మాత్రం తల ఎత్తి నన్ను సూటిగా చూసింది.

"ఇస్తున్న వదినా," అంది.

అప్పుడు చేతులు దించాను.