ముగ్గుపిండితో గీసిన బండ్లబాట

తొంభైల చివర్లో రావల్కోల్ బడి ఆవరణలో నెలకొకసారి ఊరి మీటింగు జరిగేది. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి, ఊరికి ఏం కావాలో నేల మీద బొమ్మ గీసి చూపేవాళ్లం. ముగ్గుపిండితో బాటలు, ఇటుక పొడితో ఇళ్లు, బూడిదతో చేన్లు. చివరికి బడిపంతులు దాన్ని కాగితం మీదికి ఎక్కించి మండలాఫీసుకు పంపేవాడు. కొలతలు నావి. బడిలో నేర్చింది తక్కువ; అంగలతో నేల కొలవడం నాకు నేనే నేర్చుకున్నాను. నేను నడిచి కొలవనిది బొమ్మలో పెట్టనిచ్చేవాణ్ని కాదు.

ఆ రోజు కొత్త రోడ్డు ఎటు వేయాలన్నది మాట; ముందుగా ఊళ్లో ఉన్న బాటలన్నీ గీస్తున్నాం. భర్త పోయి కూలి చేసుకునే ఒకామె, ఊరి నుంచి తన ఎకరంన్నర చేను దాకా బండ్లబాట గీసింది. ఆ బాటను వారం కిందటే మామిడితోట ఆసామి దున్నించి ముళ్లకంచె వేశాడు. బండి పోకపోతే ఆమె ఆ చేను ఆయనకే అమ్ముకోవాలి.

ఆసామి వచ్చి చెప్పులతో గీత మీద నిలబడ్డాడు.

"ఏందే, గీ బాట యాడికెళ్లి వచ్చింది?"

"మా మామ బండి తోలిన బాట పటేలా. నీ నాగలే మింగింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు, లెక్కలోడా. గాడ బాట ఉన్నదా?"

పొద్దున్నే అక్కడ నడిచి చూశాను. "ఇయ్యాల లేదు" అన్నాను.

ఆయన కాలితో గీత చెరిపాడు. ఆమె మళ్లీ పోసింది. ఆయన ఆమెను జుట్టు పట్టి ఈడ్చి, ముగ్గు చిప్పతో ముఖాన కొట్టాడు. అడ్డొచ్చిన ఆమె తమ్ముణ్ని ఇద్దరు జీతగాళ్లు కట్టెలతో బాది, బొమ్మలోని ఇళ్ల మీద పడేశారు. ఇటుక పొడి ఏదో నెత్తురు ఏదో తెలియలేదు. ఆమె చేయి ఆనించి లేవబోతుంటే ఒక కట్టె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరం విన్నాం.

ఆమె నన్నే చూసింది. "నీ లెక్క మంచిగున్నదే అన్నా! నిరుడు గదే బాట మీదికెళ్లి వచ్చి మా చేన్ల సల్ల తాగి పోతివి గదా! గా అంగలు యాడవోయినయ్?"

నిజమే. నిరుడు ఆ బాట పొడవు ఆరువందల పన్నెండు అంగలు, వెడల్పు నాలుగు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి మిగతాది మింగాను.

పిడికెడు పిండి తీసుకుని, ఆ లెక్క గట్టిగా చెబుతూ గీత లాగడం మొదలుపెట్టాను. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది చెవి మీద. ఆ చెవి ఇప్పటికీ వినదు. మూడోది పడేలోగా, మీటింగుకొచ్చి ఓ పక్కన కూర్చున్న చేపలు పట్టే ఇళ్ల ఆడవాళ్లు ఇటుక ముక్కలు అందుకున్నారు. ఆసామి నుదురు పగిలింది. ఆ కొట్లాట మధ్యే పంతులు బాటను కాగితం మీద పెట్టాడు.

వానలకు ముందే అధికారులు ఆ కాగితం పట్టుకుని వచ్చి కంచె తీయించారు. చేనుకు బండి పోయింది. తోలింది తమ్ముడు. ఆమె మణికట్టు వంకరగా అతుక్కుంది, పగ్గం పట్టలేకపోయింది.