దాలమ్మ చెయ్యి వణకలేదు

2022 వర్షాకాలం. భిలాయి రిసాలిలో మా చర్చి వెనక రేకుల షెడ్డులో ఉపాధి పరిచర్య నడిచేది. పేద ఇంటికి బియ్యం మూట ఇచ్చి పంపితే చాలదు, ఆ ఇంట్లో ఒకరి చేతికి పని నేర్పాలన్నది మా పాస్టరుగారి పట్టుదల. పక్కనున్న హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ కార్ఖానాల్లో ఇరవై ఏళ్లు వెల్డింగ్ చేసినవాణ్ణి కనుక శిక్షణ నాకు అప్పగించారు. మగవాళ్లకు వెల్డింగ్, ఆడవాళ్లకు కుట్టుపని. ఆ గీత గీసింది నేనే.

దాలమ్మ ఆ గీత దాటి వచ్చింది. ఆమె భర్త పనిలో ఎత్తు మీంచి పడి మంచాన ఉన్నాడు. ఆమె హథ్‌ఖోజ్‌లో ఇనుము మోసే కూలి.

"కుట్టుమిషను నేర్చుకోమ్మా," అన్నాను.

"మా సందులో ఇప్పటికే నలుగురు కుడతన్నారు మాస్టారూ. ఇంకెవులికి కుట్టాల? ఇనుం మోసీ మోసీ మెడ అరిగిపోయింది. అతకడం నేర్పండి."

పాస్టరుగారు సరేనన్నారు. నేను సణుక్కుంటూ ఒప్పుకున్నాను. మొదటి రోజే బ్యాచ్‌లో ఒకడు, "దీదీ, ఇది రోటీ కాల్చడం కాదు," అని నవ్వాడు.

"రొట్టి మాడితే నువ్వు తింతావు భయ్యా. ఇది మాడితే ఎవుడి నెత్తినో పడతాది," అంది దాలమ్మ.

వాడు ముఖానికి మాస్కు దించుకుని పనిలో పడ్డాడు.

శిక్షణ చివర బెండ్ టెస్ట్ పాసైనవాళ్లను వెల్డర్లుగా తీసుకుంటామని ఒక కార్ఖానా మాటిచ్చింది. అతికించిన పలకను ప్రెస్ కింద గుర్రపు నాడాలా వంచుతారు. అతుకు తెరుచుకుంటే ఫెయిల్. బ్యాచ్‌లోని మగవాళ్లు ఐదుగురూ తమ పలకలు టెస్ట్ మొదటి రోజే అతికించేశారు. దాలమ్మ వంతు మర్నాడు పొద్దున్న వచ్చింది. రాత్రంతా వాన.

మేం వాడే వెల్డింగ్ రాడ్లు చెమ్మ పీలుస్తాయి. అందుకే ఓవెన్‌లో కాల్చి, వేడిగానే వాడాలి. ఆ పూట నేను ఓవెన్ స్విచ్ వేయడం మరిచిపోయాను. విప్పిన ప్యాకెట్టులోవి అలాగే ఆమె చేతికిచ్చాను.

ఆమె పలక మధ్యలో నోరు తెరిచింది. విరిగిన చోట, ఇడ్లీ తుంచితే కనబడేలాంటి సన్నటి గుల్లలు. చూడగానే నాకు అర్థమైంది. అది చెమ్మ చేసిన పని. ఆమె చేతి తప్పు కాదు.

"చెయ్యి వణికిందమ్మా," అన్నాను.

"వణికిందేటి? మీరు సూసేరా?"

"చూశాను."

ఐదుగురు మగవాళ్లకూ పని దొరికింది. ఆమె మళ్లీ ఇనుము మోతకు వెళ్లింది. ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, "ప్రభువా, దాలమ్మ చేతులకు బలమివ్వు," అని ప్రార్థించారు. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను. కళ్లు తెరిచి చూస్తే, ఆడవాళ్ల వరసలో ఆమె తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది. నా అబద్ధాన్ని నమ్మడం మొదలుపెట్టిందని తెలిసింది.

నాలుగు వారాలు ఓర్చుకున్నాను. ఐదో ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే సమయంలో లేచి ఓవెన్ సంగతి అందరి ముందూ చెప్పాను. దాలమ్మ అక్కడే లేచింది.

"అలాగైతే మల్లీ టెస్ట్ ఎట్టండి. మీరు మాత్రం రాడ్లు ముట్టొద్దు."

కార్ఖానా ఫోర్‌మనే వచ్చి రాడ్లు కాల్చి ఇచ్చాడు. ఈసారి పలక నాడాలా వంగింది. అతుకు మీద గీత కూడా పడలేదు. ఆ సోమవారమే ఆమె పనిలో చేరింది.

మా పరిచర్య ఆ ఏటి నివేదికలో మాత్రం 'చెయ్యి వణికి తప్పింది' అన్న నా మాట అలాగే ఉండిపోయింది. దాన్ని దిద్దడానికే ఇదంతా రాశాను. విరిగిన అతుకు చూపిస్తే ఇప్పుడు నేను ముందు అడిగేది ఓవెన్ గురించి, ఆ తర్వాతే చెయ్యి గురించి. ఇప్పుడు మా షెడ్డులో ఆడవాళ్లకూ వెల్డింగ్ నేర్పుతున్నాం. సెలవు రోజున దాలమ్మ వచ్చి ముందు ఓవెన్ మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది, ఆ తర్వాతే నాకు దండం పెడుతుంది.

ఒకసారి క్షమించమని అడిగాను.

"నా చేతులకేటీ అవలేదు మాస్టారూ," అంది. "పార్థన మీ నోటికి సేయించుకోండి."

చేయించుకుంటున్నాను.