ముందుగా అంటించిన పేర్లు

నా నోటికంటే నా సూదే నయమని మా ఆయన అంటాడు. సూది పోటు క్షణంలో మర్చిపోవచ్చట, నా మాట మాత్రం నెల తిరిగినా సలుపుతూనే ఉంటుందట. అననీ. రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా సూదులు గుచ్చుతున్నాను. పరగడుపున వచ్చి ప్రతిదానికీ చిరాకు పడే మనుషులను పొద్దున్నే అరవై మందిని చూడాలి. ఆ మాత్రం నోరు లేకపోతే ఈపాటికి నన్ను నమిలేసి ఉండేవాళ్లు.

అయితే నేను చెప్పదలచుకున్నది నా గురించి కాదు, ఆ పిల్ల గురించి. కాలేజీలో మొదటి ర్యాంకు తెచ్చుకుని, చదువు పూర్తయిన పదిహేను రోజులకే మా దగ్గర చేరింది. అందుకే మేమంతా దాన్ని "ర్యాంకు" అనే పిలిచేవాళ్లం. మూడు నెలలు చూస్తామని, పనికొస్తే పర్మనెంటు చేస్తామని, లేకపోతే లేదని మేనేజరు మొదటిరోజే చెప్పేశాడు.

చెయ్యి మంచిదే. నరం దొరకని ముసలమ్మలకు కూడా ఒక్క పోటుకే రక్తం తీసేది. వచ్చిన చిక్కల్లా దాని నెమ్మదితోనే. మనిషి కూర్చోగానే "మీ పేరు మీరే చెప్పండి" అంటుంది. చెప్పించుకుని, చీటీతో సరిచూసి, రక్తం తీసి, ఆ మనిషి కళ్లెదుటే ట్యూబుకు పేరున్న లేబులు అంటించి, చూపించి, అప్పుడు గానీ లేవనివ్వదు. కాలేజీలో అలాగే నేర్పారట. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఆలోపు నేను ముగ్గురిని పంపేసేదాన్ని.

మూడో నెల చివరికొచ్చేసరికి దాని కుర్చీ ముందు వరుస వీధి గుమ్మం దాకా సాగింది. "రక్తం తియ్యడానికి మా వంశ చరిత్రంతా రాసుకుంటుందా ఏం?" అని ఒకాయన గట్టిగానే అన్నాడు. అందరూ నవ్వారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. ఆ సోమవారం సాయంత్రం మేనేజరు దాన్ని తన గదిలోకి పిలిచి, "శనివారంతో నీ మూడు నెలలు అయిపోతాయి. ఇదే నత్తనడకైతే వేరే చోటు చూసుకో" అన్నాడు. తలుపు తీసే ఉండటంతో ఆ మాట అందరికీ వినబడింది.

నేను చేతులు కడుక్కోవడానికి వెళితే అక్కడ కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున ఏడుస్తోంది. ఇంతలో దాని ఫోను మోగింది. వాళ్లమ్మ. కుళాయి కట్టేసి, ముక్కు తుడుచుకుని, "ఆ, బాగానే ఉందమ్మా. అందరూ మెచ్చుకుంటున్నారు. వచ్చేవారం పర్మనెంటు చేస్తారు" అని చెప్పింది. నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపమొస్తుంది, అదేం రోగమో.

"ఏమే ర్యాంకూ, ఇటు రా" అన్నాను. "మర్నాడు వచ్చేవాళ్ల లేబుళ్లు కౌంటరు వాళ్లు ముందురోజు మధ్యాహ్నమే ఇస్తారా లేదా?"

"ఇస్తారక్కా."

"అవన్నీ వరుసగా ట్యూబులకు అంటించేసి స్టాండులో పెట్టుకో. పొద్దున్నే నెంబరు పిలువు, గుచ్చు, పంపు. అంతే."

అది గుడ్లప్పగించి చూసింది. "తప్పు కదక్కా? ఒకరి ట్యూబులో ఇంకొకరి రక్తం పడితే?"

"ఇరవై రెండేళ్లలో నాకు పడలేదు, నీకెందుకు పడుతుంది? మీ పుస్తకాలు రాసినవాళ్లను ఒక్కపూట ఇక్కడ నిలబెట్టు, వాళ్లూ ఇదే చేస్తారు."

రెండు రోజులు నా మాట వినలేదు. బుధవారం చేతిలో ఫైలు పట్టుకుని వేరే అమ్మాయి ఎవరో మేనేజరు గది ముందు కూర్చుంది. ఆ ఉద్యోగానికే వచ్చిందని అడగకుండానే తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నం ర్యాంకు అన్నం డబ్బా కూడా తెరవలేదు. లేబుళ్లు తెచ్చుకుని తలొంచుకుని అంటించడం మొదలుపెట్టింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, నా మాటే నెగ్గిందని లోపల్లోపల సంతోషించాను కూడా.

గురువారం గండం లేకుండా గడిచింది. శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా దాని కుర్చీ ముందు ఒక్క మనిషి లేడు. మేనేజరు గాజు తలుపు తీసుకుని వచ్చి, "చూశావా, తలుచుకుంటే వేగం అదే వచ్చింది! రేపు నీ పర్మనెంటు కాగితం తీసుకో" అన్నాడు. అది నావైపు చూసి నవ్వింది. మూడు నెలల్లో అది నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

పదకొండింటికి రిపోర్టులు చూస్తున్నదల్లా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అక్కా, ముప్పై రెండో నెంబరు, ఆ టైలరమ్మ. షుగరు తొంభై ఆరని వచ్చింది."

"మంచిదే కదే. దానికి ఏడుపెందుకు?"

"నెల రోజుల్నించి దాహం ఆగట్లేదని చెప్పిందక్కా. కూర్చున్నంతసేపూ నీళ్ల సీసా వదల్లేదు. ముప్పై ఒకటి ఆ గొడుగు పట్టుకొచ్చిన తాతగారు. ఆయనకి నాలుగొందల పన్నెండు వచ్చింది." అది తన స్టాండువైపు వేలు చూపించింది. "ముప్పై ఒకటి అని పిలిచేసరికి తాతగారు బాత్రూములో ఉన్నారు. టైలరమ్మ తొందరగా పోవాలని ముందు కూర్చుంది. నేను స్టాండులో ముందున్న తాతగారి ట్యూబే తీశాను, ఆయనొచ్చాక ఆవిడది. పేరు అడగలేదక్కా."

టైలరమ్మ అంతా బాగుందన్న కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. తాతగారు పైఅంతస్తులో డాక్టరు దగ్గరున్నారు. ఆ అంకె చూస్తే డాక్టరు అక్కడికక్కడే ఇన్సులిన్ ఇచ్చేస్తాడు. చక్కెర మామూలుగా ఉన్న ముసలాయనకు ఆ మందు పడితే ప్రాణం మీదికొస్తుంది.

"నోరు మూసుకో" అన్నాను నేను. అవును, అదే అన్నాను. "మిషను తేడా చేసిందని చెప్పి పైకి ఫోను చేద్దాం. ఇద్దరికీ మళ్లీ తీద్దాం. లేబుళ్ల మాట ఎత్తకు. రేపు నీ కాగితం, గుర్తుందా?"

పైకి ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చేస్తుండగానే అది గ్లౌజులు పీకి పారేసి మెట్లవైపు పరుగెత్తింది. "ఆగవే!" అని అరిచాను. ఆగలేదు. నా కుర్చీలో కూర్చున్న మనిషి చొక్కా చెయ్యి మడుచుకుని, "ఏమైందమ్మా?" అంటున్నాడు. ఏం చెప్పను?

అప్పటికే సిరంజిలోకి మందు తీసేశారట. ఇది వెళ్లి తాతగారికి, నర్సుకు మధ్యలో నిలబడి, "రక్తం ఈయనది కాదు, తప్పు నాది" అని చెప్పేసిందట. వేలు గుచ్చి చూస్తే తొంభై నాలుగు. "చేతులయ్యాయి, వేళ్లయ్యాయి, ఇంకెక్కడ పొడుస్తావమ్మా?" అని తాతగారు వేళాకోళమాడారట, ఏం తప్పించుకున్నారో తెలియక. టైలరమ్మకు ఫోను చేసి రప్పించారు. అరగంటలో వచ్చి డాక్టరు ముందు కూర్చుంది. ఇద్దరూ క్షేమం.

ఆ సాయంత్రం మేనేజరు మమ్మల్నందరినీ తన గదిలో నిలబెట్టాడు. "ముందే లేబుళ్లు అంటించమని నీకెవరు నేర్పారు?" అని దాన్ని అడిగాడు.

ఎవరినీ వదలని నా నోరు అప్పుడు పడిపోయింది. ఇంకో మూడేళ్లు లాగితే రిటైరవుతాను, ఈ వయసులో పొమ్మంటే నన్నెవరు పెట్టుకుంటారు, ఈ రెండే నా బుర్రలో తిరుగుతున్నాయి. బీరువాకు ఆనుకుని నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

"ఎవరూ నేర్పలేదు సార్. తొందరలో నేనే చేశాను" అంది.

"అయితే రేపట్నించి రానక్కర్లేదు."

బయటికొచ్చాక అది తన సంచి సర్దుకుంది. అన్నం డబ్బా, నోటు పుస్తకం, ఇంకా కొత్తవాసన పోని తెల్లకోటు. కోటును నలుచదరంగా మడిచి బల్ల మీద పెట్టింది. వాళ్లమ్మకు ఏం చెబుతుందో అనుకున్నాను.

"నా పేరెందుకు చెప్పలేదే?" అని కసిరాను. సిగ్గేసినా నాకు కోపమే వస్తుంది.

"మీరే చెప్తారనుకున్నానక్కా" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నిజంగానే అనుకుంది.

ఎవరైనా చెంప పగలగొట్టినా నాకు అంత నొప్పి వేసేది కాదు. "ఇక్కడే కూర్చో. కదిలావంటే కాళ్లు విరగ్గొడతాను" అని దాని సంచి లాక్కుని నా కుర్చీలో పడేశాను.

మర్నాటికి నేను అంటించి పెట్టుకున్న ట్యూబుల స్టాండు నా బల్ల మీదే ఉంది. అరవై మంది పేర్లు. దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, గాజు తలుపు భుజంతో తోసుకుని వెళ్లి మేనేజరు ముందు పెట్టాను.

"ఇవి ఆ పిల్లవి కావు సార్, నావి" అన్నాను. "దానికి నేర్పింది నేనే."