మరగబెట్టిన నీళ్ళు, చదును సీసాలు

ఆ వేసవిలో బెజవాడంతా కామెర్లు. కాలవలు కట్టేశారు. కుళాయిలో వచ్చేవి నీళ్ళో బురదో తెలిసేది కాదు. డాక్టరుగారు నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, శుభ్రంగా కడిగిన గాజుసీసాల్లో పోసి, మూత బిగించి నీడన పెట్టుకోమన్నారు. ఒక రోజు దాటితే తాగొద్దన్నారు. నిన్నటి నీళ్ళు పాచి అంటూ తెల్లారగానే కుండలు ఒలకబోసే మా నాయనమ్మకి ఆ చివరి మాట ఒక్కటే నచ్చింది.

అన్ని సీసాలెక్కడివి? నాన్న పాతసామాన్లవాడి దగ్గర గంపెడు కొనుక్కొచ్చారు. మరమూతలు, మంచి గాజు, ఎంత చవకో అని మురిసిపోయారు. అవన్నీ బ్రాందీ సీసాలు. చర్చిలో సంఘపెద్ద అయిన మనిషికి ఆ సంగతి ఎలా తడుతుంది, పాపం! అమ్మ సీసాలమీది కాగితాలు గోకి, బూడిదతో తోమి, సలసల కాగే నీళ్ళతో కడిగింది. వాసనైతే పోయింది. జేబులో ఇమిడే ఆ చదును ఆకారం ఎక్కడికి పోతుంది?

నా పెళ్ళిచూపులు ఆ వారమే వచ్చిపడ్డాయి. అబ్బాయిది పామర్రు. అంతకుముందు ఎవరి పెళ్ళిలోనో అతను హార్మోనియం వాయిస్తుంటే చూశాను. అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇంకెవర్నీ చేసుకోనని పంతం పట్టాను, ఎవరికీ చెప్పకుండా. అతని తండ్రి హెడ్మాస్టరు. మద్యం మీద ఆయన ప్రసంగం మొదలెడితే తాగనివాళ్ళకి కూడా కళ్ళు తిరిగేవట.

వాళ్ళు వందనాలు చెప్పి కూర్చున్నారు. ఎండనపడి వచ్చారు, దాహమన్నారు. ఎవరూ చెయ్యి పెట్టని నీళ్ళని తెలియాలని, అమ్మ మూతలు కూడా విప్పకుండా సీసాలు పళ్ళెంలో పేర్చి తెచ్చి బల్లమీద పెట్టింది. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని ఒక సీసా ఎత్తి చూశారు.

"మంచినీళ్ళేనండి," అన్నారు నాన్న. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

"రోజూ ఇవేనాండీ?" అన్నారాయన.

తలుపు చాటున నిలబడి వింటున్నాను. అయిపోయింది నా పెళ్ళి అనుకున్నాను.

అప్పుడు పెళ్ళికొడుకు లేచి, ఒక సీసా మూత తిప్పి, ఎత్తిపట్టి గటగటా తాగేశాడు. "నాన్నగారూ, మనింట్లో మరగబెట్టిన నీళ్ళు పోసి మంచం కింద పెట్టినవీ ఇవేగా? మొన్న పాస్టరుగారొస్తే మీరే గోనెపట్టా కప్పారు!" అన్నాడు.

హెడ్మాస్టరుగారి మొహం కందగడ్డయింది. నేను పమిట నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. తండ్రులిద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకుని వాదనలో పడ్డారు.

"మూత తియ్యకపోతే రెండ్రోజులుంటాయండీ," అని ఆయన.

"డాక్టరుగారు ఒక్కరోజే అన్నారండీ," అని మా నాన్న.

"నిన్నటివైతే మొక్కలకి పొయ్యడమే," అని నాయనమ్మ.

నీళ్ళ సంగతి తేలేట్టు లేదు. నా సంగతి ఎవరికీ గుర్తే లేదు, పాట పాడమనైనా అనలేదు. ఇంక లాభం లేదని గడప దాటి వచ్చి, ఎవరూ అడక్కుండానే, "నాకిష్టమేనండీ," అనేశాను.